పానా కనిపించదు, బోల్టు ఎక్కదు

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటి పక్క రేకుల షెడ్డులో నా 100 సీసీ బైక్ పని నేనే చేసుకుంటాను. కానీ సగం టైం పానాలు వెతకడానికే పోతోంది. ఇప్పుడే చేతిలో ఉన్న పానా రెండు నిమిషాల్లో మాయం. మొన్న ఆదివారం సాయంత్రం పెళ్లికి వెళ్లాలన్న టెన్షన్‌లో ఆయిల్ మార్చి, ఆయిల్ దించే కింది బోల్టు గబగబా బిగించాను. దాని రంధ్రంలోని మర (బోల్టు పట్టుకునే గాట్లు) పోయింది, ఆయిల్ చుక్కలు కారుతోంది. ఇకనుంచి మెకానిక్‌కే ఇవ్వమంటున్నారు నాన్నగారు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు

జవాబు: ముందు ఆ బండి స్టార్ట్ చేయకండి. అందులో పట్టేదే లీటరు అటూ ఇటూగా ఆయిల్, దారిలో బోల్టు ఊడిందంటే ఇంజన్ పట్టేస్తుంది. టేపు చుట్టి ఇంకాస్త బిగిద్దామని అసలు చూడొద్దు, మిగిలిన మర కూడా పోతుంది. ట్రాలీ ఆటోలో మంచి మెకానిక్ దగ్గరికి చేర్చండి. రంధ్రం కాస్త పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల స్టీలు చుట్ట కూర్చితే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. కోసేటప్పుడు రాలే రజను లోపల మిగలకుండా కడగమని మాత్రం గట్టిగా చెప్పండి.

ఇలా ఎందుకైందంటే, బోల్టు ఉక్కు, అది దిగే ఇంజన్ గుల్ల అల్యూమినియం. బోల్టు వంకరగా ఎక్కితే నలిగేది మెత్తటి అల్యూమినియమే. అందుకే మొదట పానా ముట్టుకోకుండా బోల్టును వేళ్లతో వెనక్కి తిప్పండి, మర కుదిరిన చోట చిన్నగా టక్కుమంటుంది, అక్కడి నుంచి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే దిగాలి. దిగకపోతే తీసి మళ్లీ మొదలుపెట్టడమే. స్పార్క్ ప్లగ్‌కీ ఇదే పద్ధతి, అదైతే ఇంజన్ చల్లారాకే విప్పాలి.

ఇక పానాల సంగతి. మీది మతిమరుపు కాదండీ, వాటికి ఒక చోటు లేదు, అంతే. వంటింట్లో అమ్మ పోపుల డబ్బాలో చూడకుండానే ఆవాలు తీస్తుంది, ఎందుకంటే ఆవాల గిన్నె ఎప్పుడూ అక్కడే ఉంటుంది. మీరేమో పానాను కాసేపు సీటు మీద, కాసేపు గోడ మీద, కాసేపు జేబులో పెడుతున్నారు, దాని మీద తుడిచే గుడ్డ పడిందంటే ఇక కనిపించదు. ఒక పాత స్టీలు పళ్లెం బండి పక్కన పెట్టుకోండి. పానా ఉంటే చేతిలో, లేదంటే పళ్లెంలో. విమానాలు బాగుచేసే చోట ప్రతి పనిముట్టుకూ దాని ఆకారంలోనే గాడి ఉంటుంది, పని కాగానే లెక్క చూస్తారు, ఒక్కటి తగ్గినా విమానం కదలదు. మీరూ గోడకు చెక్క కొట్టి, పానాల చుట్టూ పెన్సిల్‌తో గీత గీయండి. ఖాళీ గీత కనిపించిందంటే ఆ పానా ఇంకా బండి మీదో కిందో ఉన్నట్టే. విప్పిన బోల్టులను అట్టముక్కకు వరుసగా గుచ్చండి, విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి.

సాయంత్రం ఊరెళ్లే రోజు మాత్రం బండి విప్పొద్దు. నాన్నగారి భయం నాకు అర్థమైంది, కానీ ఆయన కోపం మీ పని మీద కాదు, మీ హడావుడి మీద. ఆయిల్, ఆ బోల్టుకు వేసే కొత్త వాషర్ ముందు రోజే తెచ్చుకుని, పొద్దున్నే మొదలుపెట్టండి.

మర బాగుచేయించాక ఒక రాత్రి ఇంజన్ కింద తెల్ల కాగితం పరిచి చూడండి. పొద్దుటికి మరక లేకపోతే బండి తీయొచ్చు.