ఫొటోఎమిషన్‌లో కొలిచే స్పిన్, పదార్థం లోపలి స్పిన్ ఒకటేనా?

ఫొటోఎమిషన్ అంటే కాంతి పడినప్పుడు పదార్థం నుంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం; స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌ని చిన్న అయస్కాంతంలా చేసే దాని సహజ గుణం. మీ ప్రశ్నలో రెండున్నాయి: ఎలక్ట్రాన్ల స్పిన్ విడదీయడానికి స్టెర్న్-గెర్లాక్ అయస్కాంతం చాలదా అని, వచ్చిన విలువ పదార్థం లోపలిదేనా అని.

మొదటిది తేలిక. అయస్కాంతం చాలదండీ. 1922లో స్టెర్న్, గెర్లాక్ వాడినవి వెండి పరమాణువులు, వాటికి చార్జి లేదు. ఎలక్ట్రాన్‌కి ఉంది, లోరెంజ్ బలం (కదిలే చార్జి మీద అయస్కాంత క్షేత్రం చూపే బలం) వల్ల కిరణం ఎంత చెదురుతుందంటే స్పిన్ తేడా అందులో కలిసిపోతుంది. అందుకే ఎలక్ట్రాన్లను దేనికైనా గుద్దించి, చెదిరినవాటిని లెక్కపెడతాం. మాట్ డిటెక్టర్‌లో పదుల కిలోవోల్టులతో బంగారు రేకు మీదికి వదిలి ఎడమ, కుడి వైపులకు చెదిరిన కౌంట్లు పోలుస్తారు; ఆ తేడాయే స్పిన్‌ని చెబుతుంది. ఓపిక పరీక్షించే పని, చాలా ఎలక్ట్రాన్లు వృథా.

నేను ఎక్కువగా వాడింది వీలీడ్, అంటే అతి తక్కువ శక్తి ఎలక్ట్రాన్లు అయస్కాంత పొర మీద స్పిన్‌ని బట్టి ఎక్కువ తక్కువగా ప్రతిఫలించడాన్ని వాడుకునే డిటెక్టర్. ఆక్సిజన్ పట్టించిన ఇనుప పొర మీద సుమారు 6 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ప్రతిఫలనం కొలుస్తాం. మాట్ కంటే దాదాపు వంద రెట్లు సమర్థం. కాయిల్‌లో చిన్న పల్స్ ఇస్తే పొర అయస్కాంత దిశ తిరగబడుతుంది, మళ్లీ కౌంట్. రెండు దిశల మధ్య కాంతి తీవ్రత కాస్త తగ్గినా లేని స్పిన్ కనిపిస్తుంది. అందుకని ప్లస్, మైనస్, మైనస్, ప్లస్ వరసలో తీసుకుంటాను. నిదానంగా జరిగే మార్పు చాలావరకు రద్దవుతుంది.

అసలు చిక్కు రెండో ప్రశ్నలోనే. మనం కొలిచేది బయటికొచ్చిన ఎలక్ట్రాన్ స్పిన్. కాంతి దాన్ని మార్చగలదు. బిస్మత్ సెలినైడ్ ఉపరితల స్థితిలో కాంతి పోలరైజేషన్ (కాంతి తరంగం ఊగే దిశ) తిప్పితే ఫొటోఎలక్ట్రాన్ స్పిన్ కూడా తిరగబడుతుందని 2013లో ప్రయోగంలోనే చూపించారు. కాబట్టి కాంతి ఒక్క పోలరైజేషన్‌తో గీసిన స్పిన్ పటాన్ని నేను నమ్మను. అయస్కాంత లక్షణం లేని నమూనాలో, రాష్బా చీలిక (స్పిన్‌ని బట్టి ఎలక్ట్రాన్ శక్తి రెండుగా విడిపోవడం) ఉన్న బంగారం (111) ఉపరితలం లాంటి దాంట్లో, మొమెంటం గుర్తు మారిస్తే స్పిన్ తిరగబడాలి. తిరగబడని భాగం పరికరానిదో, ఫొటోఎమిషన్ ప్రక్రియదో అయ్యుండాలి. ఫెర్రోమాగ్నెట్ అయితే నమూనానే రెండు దిశల్లో అయస్కాంతీకరించి చూడండి, కానీ కొలిచేటప్పుడు క్షేత్రం ఆపేయాలి, లేకుంటే ఎలక్ట్రాన్ల దారే వంగిపోతుంది.

బీమ్ టైమ్ (ప్రయోగానికి మనకు కేటాయించిన కాంతి కిరణం సమయం) తక్కువుంటే పూర్తి పటం జోలికి పోకండి. షెర్మన్ విలువ (డిటెక్టర్ స్పిన్ తేడాని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే సంఖ్య) 0.3 అయితే, స్పిన్ పోలరైజేషన్‌లో ఒక శాతం ఖచ్చితత్వానికి ఒక్కో బిందువు దగ్గర సుమారు 1,10,000 కౌంట్లు కావాలి. బ్యాండ్ (మొమెంటంతో ఎలక్ట్రాన్ శక్తి మారే గీత) మీద నాలుగైదు చోట్లు ఎంచుకుని, వాటికి ఎదురు మొమెంటంలో అన్నే తీసుకోండి.