పాలిటెక్నిక్ స్వర్ణోత్సవ సంచికలో ‘ప్రముఖ పూర్వ విద్యార్థులు’: ఎవరిని వెయ్యాలి, ఎట్లా నిర్ధారించుకోవాలి?

ప్రశ్న ఇదీ: నల్లగొండ వైపు ఒక ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు యాభై ఏళ్లు నిండుతున్నాయి. సంచికలో ప్రముఖ పూర్వ విద్యార్థుల పేజీలు మీకు అప్పజెప్పారు. ఇప్పటిదాకా ఒక ప్రజాప్రతినిధి, ఇద్దరు అమెరికా వాళ్లు తప్ప పేర్లు రాలేదు. ఇంకెవరిని వెయ్యాలి, పంపినవాళ్లు చెప్పేది నిజమో కాదో ఎట్లా తేల్చాలి?

ముందు అడిగే మాట మార్చండి. వాట్సాప్ గ్రూపులో ‘మన కాలేజీలో ఫేమస్ అయినోళ్లు ఎవరు’ అంటే లీడర్లు, డాలర్లు, రియల్ ఎస్టేటు మాత్రమే వస్తాయి. ‘పుట్టంగండిలో పంపులు మొదటిసారి తిప్పినప్పుడు అక్కడ ఉన్నదెవరు? కరెంటు తయారుచేసే జెన్‌కోలో యూనిట్ ఓవర్‌హాలింగ్‌లో చేసినోళ్లెవరు? సొంత షెడ్డు పెట్టి పోరగాళ్లకు లేత్ పని నేర్పినోళ్లెవరు?’ అని అడిగితే వేరే జాబితా వస్తుంది. సాంకేతిక బడి ఘనత ఎక్కువగా అక్కడే ఉంటుంది. మన దక్షిణ తెలంగాణలో అట్లాంటి చోట్లకు కొదవ లేదు. పుట్టంగండి దగ్గరి ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) ఎత్తిపోతలలో 18 మెగావాట్ల మోటార్లు నాలుగు, ఒక్కో పంపు 600 క్యూసెక్కులు ఎత్తుతుంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరు. జూరాలలో 39 మెగావాట్లవి ఆరు. కల్వకుర్తి పథకం ఎల్లూరు పంపుహౌస్‌లో 30 మెగావాట్లవి ఐదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టున మంటలు లేచాయి, అక్టోబరులో ఎల్లూరు పంపుహౌస్ మునిగింది. తర్వాత ఆ యంత్రాలను ఆరబెట్టి, విప్పి, పరీక్షించి మళ్లీ తిప్పిన బృందాల్లో మీవాళ్లు ఉన్నారేమో విచారించండి. ఉంటే ఆ పేరు సన్మానాల చిట్టా ఉన్న పేరు కంటే పైన రావాలి, ఇది నా పక్షపాతమే అనుకోండి.

హైదరాబాద్ వైపు చూడటం కూడా మరవొద్దు. పాలమూరు, నల్లగొండ పిల్లలు అప్రెంటిస్‌లుగా పోయింది ప్రాగా టూల్స్, ఆల్విన్, హెచ్‌ఎంటీ, ఐడీపీఎల్, బీహెచ్‌ఈఎల్, ఈసీఐఎల్, మిధాని లాంటి చోట్లకు. ఆ రిటైర్డ్ ఉద్యోగుల సంఘాలకు ఒక ఉత్తరం రాస్తే గ్రూపులో నెలరోజులు అడిగినా రాని పేర్లు వస్తాయి.

పేరు వచ్చాక మొదటి పని అడ్మిషన్ రిజిస్టర్. ప్రిన్సిపాల్ అనుమతితో ఆఫీసులోనే కూర్చుని చూడండి, రిజిస్టర్ బయటికి తేవొద్దు. అడ్మిషన్ నంబరు, చేరిన తేదీ, తండ్రి పేరు, బ్రాంచి, టీసీ ఇచ్చిన తేదీ, ఈ ఐదూ రాసుకుంటే చాలు. కులం, పుట్టుమచ్చలు, చిరునామా కాలమ్‌లు మీకు అక్కర్లేదు, ఫొటో కూడా తీయొద్దు. డిప్లొమా పిన్ నంబరు దొరికితే పని సులువు: మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాతి మూడు కాలేజీ కోడు, ఆ తర్వాత బ్రాంచి అక్షరం, చివర వరుస సంఖ్య. కాలేజీ కోడు మీది కాకపోతే ఆయన మధ్యలో బదిలీ అయి వచ్చారనో, అసలు మీ దగ్గర చదవలేదనో అర్థం. పాతవాళ్లు ‘ఎల్‌సీఈ, ఎల్‌ఎంఈ చేసినం’ అంటారు. అది సివిల్, మెకానికల్ డిప్లొమానే, వేరే కోర్సు అనుకుని రెండుసార్లు వేయొద్దు.

ఎక్కువ తప్పులు పేర్ల దగ్గరే జరుగుతాయి. ఒకే బ్యాచ్‌లో ముగ్గురు శ్రీనివాస్ రెడ్డిలు, ఇద్దరు వెంకటయ్యలు మామూలే, ఇంటిపేరులో ఒక్క అక్షరమే తేడా ఉంటుంది. తండ్రి పేరు సరిచూడకుండా ఎవరినీ ఖాయం చేయకండి. ఆడపిల్లల విషయంలో పెళ్లి తర్వాత ఇంటిపేరు మారుతుంది కాబట్టి రిజిస్టర్‌లో వెతికితే దొరకరు. అందుకే చాలా సంచికల్లో ఆడవాళ్లు కనిపించరు. ఫారంలో ‘చదివేటప్పటి పేరు’ అని ప్రత్యేకంగా ఒక గడి పెట్టండి. జిల్లా పేరు ఇంకో చిక్కు. 2016 అక్టోబరు 11న జిల్లాలు చీలాయి. సూర్యాపేట, భువనగిరి వేరయ్యాయి. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆ తర్వాత 2019లో నారాయణపేట విడిపోయాయి. షాద్‌నగర్ రంగారెడ్డిలోకి పోయింది. ఊరు రాసి, ‘అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా’ అంటే గొడవ ఉండదు.

తర్వాత హోదాలు. బయటివాళ్లకు ఇది పట్టదు గానీ, చదివే ఇంజనీర్లు ముందు చూసేదే ఇది. నీటిపారుదల శాఖలో డిప్లొమాతో చేరేవాళ్లు ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), డిగ్రీతో చేరేవాళ్లు ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు). ‘ఏఈఈగా చేరారు’ అని వస్తే డిగ్రీ ఎక్కడ చేశారో అడగాలి. అదే శాఖలో డీఈ అంటే డిప్యూటీ ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) కింది హోదా. కరెంటు సంస్థల్లో డీఈ అంటే డివిజనల్ ఇంజనీరు, అంటే ఈఈ స్థాయి. ఒకే పేజీలో ఇద్దరు డీఈలుంటే పూర్తి హోదా రాయకపోతే ఒకరికి అన్యాయం జరిగినట్టే. సంస్థ పేరు కూడా కాలానికి తగ్గట్టు ఉండాలి. విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది 1999లో. ‘1978లో ట్రాన్స్‌కోలో చేరారు’ అని రాస్తే ఆ ఒక్క వాక్యంతో పేజీ మొత్తం మీద నమ్మకం పోతుంది. డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లకు డిప్లొమా, బీటెక్ రెండూ రాయండి. ఉద్యోగం చేసుకుంటూ, ఇంజనీర్ల సంస్థ పెట్టే డిగ్రీ స్థాయి పరీక్ష ఏఎంఐఈలో సెక్షన్ ఏ, సెక్షన్ బీ గట్టెక్కినవాళ్లను మాత్రం వదలకండి. అది ఎంత కష్టమో తెలిసినవాళ్లకే తెలుసు, కానీ దాన్ని ఘనతగా ఎవరూ చెప్పుకోరు.

అవార్డులకు కాగితం చూపమనండి, మొహమాటం వద్దు. ‘గౌరవ డాక్టరేట్’ అంటే ఇచ్చిన విశ్వవిద్యాలయం పేరు అడగండి. సగం పేర్లు అక్కడే జారిపోతాయి. పద్మ పురస్కారాల పాత జాబితాలు 1954 నుంచీ బహిరంగంగా ఉన్నాయి. వాటిని పేరుకు ముందో వెనకో బిరుదుగా తగిలించకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి ‘పద్మశ్రీ ఫలానా’ అని శీర్షిక పెట్టకండి, వాక్యంలో రాయండి. కార్మికులకిచ్చే శ్రమవీర్, శ్రమభూషణ్, విశ్వకర్మ రాష్ట్రీయ పురస్కార్ లాంటివి ఐటీఐ, డిప్లొమా వాళ్లకు నిజంగా దక్కేవి, వాటి గురించి మీరే అడగాలి. పేటెంట్ అంటే నంబరు తీసుకుని పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో చూడండి. దరఖాస్తు చేయడం, అది ప్రచురితం కావడం, మంజూరు కావడం మూడూ వేర్వేరు. మామూలుగా 18 నెలలకు దరఖాస్తు దానంతటదే ప్రచురితమవుతుంది, దాన్నే చాలామంది ‘పేటెంట్ వచ్చింది’ అంటారు. పేటెంట్ హక్కుదారు కంపెనీ అయినా, ఆవిష్కర్తల వరుసలో మీ విద్యార్థి పేరుంటే అది ఆయన ఘనతే.

మన దగ్గర తరచు వినబడే మాటలు రెండు: ‘సాగర్ డ్యాం కట్టింది ఆయనే’, ‘నల్లగొండ టెక్నిక్ కనిపెట్టింది ఆయనే’. సాగర్‌కు శంకుస్థాపన 1955 డిసెంబరు 10న, కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. మీ కాలేజీకి యాభై ఏళ్లే కాబట్టి లెక్క కుదరదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే నల్లగొండ టెక్నిక్‌ను రూపొందించింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). మీవాడు ఫ్లోరైడ్ ప్లాంటు నడిపి ఉండొచ్చు, అది రాయండి, చాలు.

ఇతరుల జాబితాలు కొన్ని చూస్తే కొలత తెలుస్తుంది. సంస్థాన్ నారాయణపురం మండలం సర్వేల్‌లో 1971లో మొదలైన గురుకులం పేరు చెప్పగానే మాజీ డీజీపీ మహేందర్ రెడ్డి, మాజీ ఐఏఎస్ అధికారి బుర్రా వెంకటేశం పేర్లు వస్తాయి. ఇద్దరూ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఛైర్మన్లయినవాళ్లే. అది సాధారణ విద్య బడి, అక్కడ హోదాయే కొలత కావచ్చు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ టెక్నికల్ హైస్కూలు 1922లో పుట్టింది. అక్కడ చదివినవాళ్లలో 1967 వైద్య నోబెల్ గ్రహీత జార్జ్ వాల్డ్, 1978 భౌతికశాస్త్ర నోబెల్ పంచుకున్న ఆర్నో పెంజియాస్, వ్యోమగామి కారల్ బాబ్కో ఉన్నారు. 1952 ఒలింపిక్స్ లాంగ్‌జంప్‌లో 4 సెంటీమీటర్ల తేడాతో స్వర్ణం పోయి రజతం తెచ్చుకున్న మెరెడిత్ గౌర్డీన్ కూడా అక్కడివాడే. తర్వాత ఇంజనీరై ఎన్నో పేటెంట్లు పొందాడు. డెట్రాయిట్‌లోని కాస్ టెక్నికల్ హైస్కూల్లో 1962లో చదువు ముగించిన గాయని డయానా రాస్ అక్కడ నేర్చింది దుస్తుల డిజైను. అందుకే ప్రతి పేరు పక్కనా బ్రాంచి, బ్యాచ్ ఉండాలంటున్నాను. మధ్యలో మానేసినవాళ్లనూ వేయొచ్చు, కాకపోతే ‘చదివారు’ అనండి, ‘పూర్తి చేశారు’ అనకండి.

ఆలేరు పక్క శారాజీపేట చింతకింది మల్లేశాన్ని ఎవరైనా ఇరికించమంటే ఒప్పుకోకండి. జిల్లాకు గర్వమే గానీ ఆయన చిన్నప్పుడే బడి మానేసినాయన, మీ విద్యార్థి కాదు. అయితే ఆయన పనిని చెప్పే తీరు మాత్రం నేర్చుకోదగ్గది: ఒక్క చీరకు ఆసు పోయడానికి (నేతకు ముందు దారాన్ని సిద్ధం చేసే పని) దారాన్ని మేకుల చుట్టూ దాదాపు 9,000 సార్లు తిప్పాలి, నాలుగైదు గంటలు భుజాలు పీకేవి, 1999లో చేసిన యంత్రంతో అది గంటన్నరకు దిగింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ముందు ఎట్లుండె, తర్వాత ఎట్లయింది, ఎంత తేడా, ఏ ఏడాది: మీ ఎంట్రీలు కూడా ఇట్లాగే ఉండాలి. ‘విద్యుత్ శాఖలో విశేష సేవలు’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ‘ఎలక్ట్రికల్, 1983–86. సబ్ ఇంజనీరుగా చేరి ఏడీఈ (అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరు)గా రిటైరయ్యారు. తన సెక్షన్‌లో 63 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోవడానికి ఫ్యూజు స్థానంలో కట్టే లావు తీగ, ఎండిపోయిన ఎర్త్ గుంత, లెక్కలోకి రాని మోటార్లు కారణమని మోటారు మోటారుకూ లోడు లెక్కగట్టి, 25 కేవీఏలుగా విడగొట్టించారు’ అంటే చదివే రైతుకు కూడా అర్థమవుతుంది. ఒక్కో ఎంట్రీ 60, 70 మాటలు దాటనివ్వకండి, ఎమ్మెల్యేకైనా అంతే.

ఇక అచ్చు. ఫొటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే కుదించుకుపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమనండి. రెండంగుళాల వెడల్పుకు కనీసం 600 పిక్సెళ్లు కావాలి. ఫోన్ నంబర్లు, ఇంటి చిరునామాలు వేయొద్దు. ప్రూఫును ఆయా వ్యక్తికి, లేకుంటే కుటుంబానికి పంపి, పది రోజులు గడువిచ్చి, ‘సరే’ అన్న జవాబు దాచిపెట్టండి. ‘కీ.శే.’ అని వేసేముందు మాత్రం ఇంటివాళ్లతో ఫోన్లో మాట్లాడి తీరాలి. గ్రూపులో ఎవరో ‘పోయిండట’ అన్నది పట్టుకుని వేసేస్తే, ఆయన ఆవిష్కరణ సభకే వచ్చి ముందు వరుసలో కూర్చునే ప్రమాదం ఉంది.