బూట్లు లేకే 1950 వరల్డ్ కప్‌కు వెళ్లలేదా? బిట్రగుంట గ్రౌండ్‌లో ఉత్తి కాళ్లతో ఆడినవాడిగా నా జవాబు

మీరు రెండు విషయాలు అడిగారు. ఉత్తి కాళ్లతో ఆడతామంటే ఫిఫా ఒప్పుకోకపోవడం వల్లే 1950 వరల్డ్ కప్‌కు మన ఫుట్‌బాల్ టీమ్ వెళ్లలేదన్నది నిజమేనా అన్నది మొదటిది. ఇప్పుడిలా ఉన్న టీమ్ ఒకప్పుడు ఆసియాలో అందరినీ ఓడించేదంటే నమ్మాలా అన్నది రెండోది. మొదటిది నిజం కాదు. రెండోది నూటికి నూరుపాళ్లు నిజం.

ముందు 1950 సంగతి చెప్తాను. మన క్వాలిఫయింగ్ గ్రూపులో ఉన్న బర్మా, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ మూడూ తప్పుకోవడంతో ఒక్క మ్యాచ్ ఆడకుండానే మనకు చోటు దొరికింది. రానూపోనూ ఖర్చుల్లో పెద్ద భాగం మేమే పెట్టుకుంటామని కప్పు నిర్వహిస్తున్న బ్రెజిల్ వాళ్లు కూడా అన్నారు. అయినా మన ఫుట్‌బాల్ సమాఖ్య చివర్లో రాలేమని చెప్పేసింది. ప్రాక్టీసుకు టైము లేదు, టీమ్ ఎంపిక తేలలేదు, ఓడలో అంత దూరం ప్రయాణం కష్టం, ఇవీ చెప్పిన కారణాలు. అసలు సంగతి అప్పటి మన జట్టు ఆటగాడు శైలేన్ మన్నా చాలా ఏళ్ల తర్వాత చెప్పారు. ఆ రోజుల్లో వాళ్లకు ఒలింపిక్సే సర్వస్వం, వరల్డ్ కప్ అంటే ఏంటో ఎవరికీ పెద్దగా తెలియదు. బూట్ల కథ నిలవదని చెప్పడానికి ఇంకో లెక్క ఉంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తి కాళ్లతోనే ఆడారు. 1950లో బూట్లు లేవని ఆపేసి, రెండేళ్లకే అదే కాళ్లతో ఎలా ఆడనిచ్చారు?

ఇదంతా ఇప్పుడు గట్టిగా చెప్తున్నాను గానీ, చాలా ఏళ్లు నేనూ ఆ బూట్ల కథనే నమ్మాను. నమ్మడానికి నాకు సొంత కారణం ఉంది.

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకోషెడ్ ఉండేది. దాని చుట్టూ రైల్వే కాలనీ, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు. మా పెదనాయన ఆ షెడ్‌లో ఫైర్‌మన్‌గా చేశాడు. డ్యూటీ లేని సాయంత్రాలు షెడ్ వాళ్లు రెండు జట్లుగా చీలి ఆడేవాళ్లు. పాత స్లీపర్ చెక్కలు పాతితే అవే గోల్‌పోస్టులు. నేల మీద గడ్డి కన్నా ఇంజన్ల కింద నుంచి లాగి పోసిన కాలిన బొగ్గు పెళ్లలే ఎక్కువ. ఆట అయ్యేసరికి అందరి కాళ్లూ మోకాళ్ల దాకా నల్లగా ఉండేవి.

మా పిలకాయల పని బంతిని చూసుకోవడం. అప్పటి తోలు బంతి లోపల రబ్బరు బ్లాడర్ ఉండేది. సైకిల్ పంపుతో గాలి కొట్టి, బ్లాడర్ మూతిని మడిచి దారంతో బిగించి, వేలితో లోపలికి తోసి, పైన తోలు లేసు కట్టాలి. ఆ లేసు ముడి ఉబ్బెత్తుగా ఉందో, తలతో కొట్టినవాడి నుదురు చీరుకుపోయినట్టే. ఆ తిట్లు మాకు. వానలో తడిస్తే బంతి బరువెక్కి, తన్నితే రాయిని తన్నినట్టుండేది. ఎండబెట్టి ఆముదం రాసి మళ్లీ దారికి తెచ్చేవాళ్లం. అంతటి బంతిని షెడ్ వాళ్లు ఉత్తి కాలి మీద అలా ఆపి, ఇలా తిప్పేవాళ్లు. పాదం లోపలి వైపుతో ఆపితే బంతి కాలికి అంటుకున్నట్టు నిలిచిపోయేది.

పెదనాయన కొన్నాళ్లు సికింద్రాబాద్ లాలాగూడలో ఉన్నాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆట చూశాడు. దాన్ని తిరపతిలో దర్శనం అయినట్టు చెప్పేవాడు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ టోర్నమెంటు గెలిచిన జట్టు మరి.

తొమ్మిదో తరగతిలో ఉండగా నెల్లూరులో జిల్లా స్కూళ్ల సెలక్షన్లు జరిగాయి. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కాను. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదికి బండి వచ్చేసరికి టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. గ్రౌండ్‌లో వరసగా నిలబెట్టి, బూట్లు లేనివాళ్లు పక్కకు రండి అన్నారు. ఏడుగురం పక్కకొచ్చాం. తన వంతు అయిపోయిన కావలి కుర్రాడొకడు జాలిపడి బూట్లు ఇప్పి నాకిచ్చాడు. రెండు సైజులు పెద్దవి. ముందు వైపు పేపర్ కుక్కి తొడుక్కున్నాను. పది నిమిషాల్లో మడమ మీద బొబ్బ లేచి పగిలింది. నొప్పిని ఓర్చుకోవచ్చు. బంతి ఎక్కడ తగిలిందో కాలికి తెలియలేదు, అదీ నేను తట్టుకోలేకపోయింది. నా దగ్గరికొచ్చిన ప్రతి పాసూ రెండడుగులు ముందుకు జారిపోయింది. నా పేరు పిలవలేదు.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఏడుస్తుంటే పెదనాయన పక్కన కూర్చున్నాడు. "ఏడవబాకరా అబ్బయ్యా. బూట్లు లేవని ఏకంగా ఇండియా టీమునే ఆడనీలేదు, నువ్వెంత?" అన్నాడు. ఆ మాట నాకు అంత ఓదార్పునిచ్చింది కాబట్టే నేను దాన్ని ఎప్పుడూ అనుమానించలేదు.

ఉద్యోగంలో చేరాక పాత పత్రికలు, అప్పటి ఆటగాళ్ల ఇంటర్వ్యూలు వెతికి చదివితే వేరే బొమ్మ కనబడింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో తాలిమెరెన్ ఆవో కెప్టెన్‌గా మనం ఫ్రాన్స్‌తో ఆడాం. పదకొండు మందిలో ఎనిమిది మంది ఉత్తి కాళ్లతో దిగారు. పేదరికం వల్ల కాదు, అలవాటు వల్ల. అలా ఆడితేనే బంతి మాట వింటుందని వాళ్ల నమ్మకం. బూట్లలో నా కాలు మొద్దుబారిన రోజు గుర్తున్న నాకు అది వెంటనే అర్థమైంది. ఆ మ్యాచ్‌లో సారంగపాణి రామన్ గోల్ కొట్టి సమం చేశాడు. రెండు పెనాల్టీలు వృథా అయ్యాయి. ఆఖరి నిమిషాల్లో గోల్ పడి 1-2తో ఓడిపోయాం. ఆ రెండు పెనాల్టీల్లో ఒక్కటి పడి ఉంటే అనే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అయితే ఉత్తి కాళ్లు మన పొడి నేలకు సరిపోతాయి గానీ చల్లటి, తడి మైదానాలకు కాదు. హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యాం. ఆ తర్వాతే ఇక్కడ బూట్లు తప్పనిసరి చేశారు.

ఇక మీ రెండో ప్రశ్న. దీనికి జవాబు ఒక మనిషి పేరులో ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్‌లో స్కూలు టీచరు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, సిటీ పోలీస్ జట్టుకు కోచ్, తర్వాత దేశానికే కోచ్. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని డ్రిబ్లింగ్ చేయడమే గొప్ప అనుకునే రోజుల్లో ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదనే నియమంతో టోర్నమెంట్లు పెట్టించాడు. వాటం లేని కాలితోనే తన్నాలనే పోటీలూ పెట్టాడు. ఎడమ కాలు పనికిరాని పిల్లాడిని తిట్టి ఊరుకోకుండా, ఎడమ కాలు తప్ప దారిలేని ఆట ఒకటి తయారుచేసి వాడి ముందు పెట్టాడన్నమాట. టీచరు బుర్రకే తడుతుంది ఇలాంటి ఉపాయం.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచాం. గోల్ మేవాలాల్‌ది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను వాళ్ల గడ్డ మీదే 4-2తో కొట్టాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన మొదటి ఆసియా ఆటగాడు అతనే. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద ముందు గోల్ మనదే, చివరికి 1-4తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, పీటర్ తంగరాజ్, నూర్ మహమ్మద్, లతీఫ్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అంతా మన హైదరాబాద్, సికింద్రాబాద్ వాళ్లే. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. రోమ్‌లో కెప్టెన్ పి.కె. బెనర్జీ ఈస్టర్న్ రైల్వే ఆటగాడు. మా షెడ్ వాళ్లకు ఇది ఎంత గర్వమో! తమలాగే రైల్వే జీతం తీసుకునేవాడు ఒలింపిక్స్‌లో దేశాన్ని నడిపించాడు కదా.

అన్నిటికన్నా గొప్పది 1962 జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆసియా క్రీడలకు రానివ్వలేదని మన క్రీడాధికారి గురుదత్ సోంధీ అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనం మన మీద మండిపడ్డారు. ఫైనల్ రోజు లక్ష మంది మనవాళ్లను గేలి చేస్తూనే ఉన్నారు. ఎదుట దక్షిణ కొరియా, గ్రూపులో మనల్ని 0-2తో ఓడించిన జట్టు. మన డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు అంతకుముందే గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టకుండా ఏకంగా ఫార్వర్డ్‌గా ఆడించాడు. మొదట పి.కె. బెనర్జీ గోల్ కొట్టాడు. కాసేపటికే జర్నైల్ సింగ్ ఇంకోటి. కొరియా చివర్లో ఒకటి తిరిగి వేసినా 2-1తో బంగారు పతకం మనదే. చునీ గోస్వామి కెప్టెన్. అప్పటికే రహీంకు క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు. ఆ తర్వాత ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్‌లో బంగారు పతకం ఇంతవరకూ రాలేదు.

తర్వాతి కథ చెప్పాలంటే మనసొప్పదు. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం, 1970 బ్యాంకాక్‌లో హైదరాబాద్ కుర్రాడు నయీముద్దీన్ కెప్టెన్‌గా కాంస్యం, అక్కడితో సరి. క్రికెట్ వల్ల ఫుట్‌బాల్ చచ్చిపోయిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. 1983 కప్పుకు ముందే మన ఆట దిగజారింది. లోకమంతా 90 నిమిషాలు ఆడుతుంటే మన దేశంలో పోటీలు 1970ల దాకా 70 నిమిషాలే నడిచాయి. మిగిలిన ఇరవై నిమిషాల ఊపిరి ఎక్కడి నుంచి వస్తుంది? కొరియా 1983లో, జపాన్ 1993లో ప్రొఫెషనల్ లీగులు పెట్టుకుంటే మన నేషనల్ లీగ్ 1996లో మొదలైంది. రహీం పిల్లల దగ్గర మొదలుపెట్టిన పనిని దేశమంతటా ఎవరూ అందుకోలేదు, నా దృష్టిలో అసలు నష్టం అదే. సునీల్ ఛెత్రి ఒక్కడే ఇరవై ఏళ్లు బండిని లాగాడు. 2027 ఆసియా కప్‌కు మనం అర్హత కూడా సాధించలేకపోయాం. అమ్మాయిలు మాత్రం 2025 జులైలో థాయిలాండ్‌ను వాళ్ల దేశంలోనే 2-1తో ఓడించి మహిళల ఆసియా కప్‌కు వెళ్లారు. రెండు గోల్సూ సంగీతా బాస్ఫోర్‌వే. ఆ రాత్రి ఆనందంతో నాకు నిద్ర పట్టలేదు.

పెదనాయన రిటైరయ్యాక ఒకసారి ఆయనకు 1950 సంగతి మొత్తం చెప్పాను. బూట్ల కథ తప్పని చెప్పడానికి నాకే బాధేసింది. ఆయన వింటూ, వెళ్లి ఉంటే బ్రెజిల్‌లో మన గ్రూపులో ఎవరుండేవాళ్లని అడిగాడు. ఇటలీ, స్వీడన్, పరాగ్వే అని చెప్పాను. ముందటేడు విమాన ప్రమాదంలో తమ టొరినో క్లబ్బు ఆటగాళ్లు దాదాపు అందరూ చనిపోవడంతో ఇటలీ వాళ్లు భయపడి ఓడలోనే బ్రెజిల్ వెళ్లారని, ఆ గ్రూపులో చివరికి మూడు జట్లే ఆడాయని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. నాకు మల్లే ఆయనా ఆ కథను ఇన్నేళ్లు మోశాడు కదా. తర్వాత కండువాతో మొహం తుడుచుకుని, "అయితే టికెట్టు చేతిలో పెట్టుకోని బండి ఎక్కలేదంటావు" అన్నాడు.