రిజర్వేషన్ అంటే ఇక్కడ సీటు కాదు, నేల

ప్రశ్న ఏమిటంటే: ‘అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చిప్పెవా అనే ఆదివాసీ తెగవాళ్ళకి మాత్రమే బల్లేలతో చేపలు పట్టే స్పెషల్ పర్మిషన్ ఎందుకు? ఇదీ ఒక రకం రిజర్వేషనే కదా?’

తొమ్మిదేళ్ళుగా ఇదే రాష్ట్రంలోని వాసా అనే ఊళ్ళో ఉంటున్నాను కాబట్టి గట్టిగానే చెప్తాను. కాదు. వాళ్ళకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. తమకున్నది అమ్మేటప్పుడు వాళ్ళు కొంత ఉంచుకున్నారు, అంతే.

మా తాతయ్య మామిడితోట అమ్మినప్పుడు గట్టు మీది రెండు చెట్ల ఫలసాయం తనదేనని దస్తావేజులో రాయించుకున్నారు. కొన్నాయన కొడుకు ఒక ఏడాది కోతకి అడ్డం పడితే కాగితం తీసి చూపించారు. దాన్ని ఊళ్ళో ఎవరూ స్పెషల్ పర్మిషన్ అనలేదు. 1837, 1842లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందాల్లో జరిగిందీ అదే. ప్రభుత్వానికి కలప కావాలి, రాగి కావాలి. చిప్పెవాలు నేల రాసిచ్చారు. వేట, చేపలు, సరస్సుల్లో పండే మనోమిన్ అనే అడవి బియ్యం, వీటి మీద హక్కు మాత్రం ఉంచుకున్నారు.

అయినా 1850లో వాళ్ళని పడమటికి తరిమేయాలని చూశారు. నేలకి బదులుగా ఏటా ఇవ్వాల్సిన డబ్బూ సరుకులూ మిన్నెసోటాలోని శాండీ లేక్ దగ్గరికి వచ్చి తీసుకోమన్నారు. వెళ్ళినవాళ్ళు చలిలో, పాడైపోయిన తిండితో వారాల తరబడి ఎదురుచూశారు. అక్కడా, తిరుగు దారిలోనూ కలిపి సుమారు 400 మంది పోయారు. 1852లో, తొంభై దాటిన పెద్దాయన చీఫ్ బఫెలో వాషింగ్టన్ దాకా వెళ్ళి ప్రెసిడెంట్ ఫిల్‌మోర్‌ని కలిసి ఆ తరిమివేత ఉత్తర్వు రద్దు చేయించారు. 1854 ఒప్పందంతో వాళ్ళ నేలలో కొంత వాళ్ళకి మిగిలింది. ఇక్కడ రిజర్వేషన్ అంటే ఆ నేల.

ఇంకో మాట. మన పత్రికలు ఇప్పటికీ ‘రెడ్ ఇండియన్లు’ అని రాస్తుంటే నాకు బాధేస్తుంది. వాళ్ళు తమని తాము అనిషినాబె అనుకుంటారు. ఒజిబ్వే అన్నా చిప్పెవా అన్నా వాళ్ళే. ఇక్కడి మనవాళ్ళు కొందరు ఈ తెగలు నడిపే క్యాసినో బయట బోర్డు చూసి ‘వాళ్ళకేం తక్కువ’ అంటారు. ఒక్కసారైనా పడవలు దిగే రేవుకి వెళ్ళి చూడమంటాను.

రెండేళ్ళ కిందట ఏప్రిల్ చివర్లో నేను చూశాను. సరస్సు మీద మంచు కరిగి వారమైంది. ఆఫీసులో నాతో పనిచేసే ఒకాయనది లాక్ డు ఫ్లాంబో అనే చిప్పెవా ఊరు. ఆయన రమ్మంటే వెళ్ళాను. రాత్రి తొమ్మిదిన్నర, చేతులు కొంకర్లు పోతున్నాయి. చిన్న అల్యూమినియం పడవ. ఆయన తల మీద హెల్మెట్, దానికి లైటు, లైటు నుంచి కాళ్ళ దగ్గరున్న బ్యాటరీకి వైరు. చేతిలో పొడవాటి కర్ర, చివర పళ్ళున్న బల్లెం. గుడ్లు పెట్టడానికి వాల్‌ఐ చేపలు ఒడ్డు పక్క రాళ్ళలోకి వస్తాయి. లైటు పడగానే వాటి కళ్ళు నీళ్ళలో దీపాల్లా వెలుగుతాయి. పూర్వం ఈ లైటు బదులు కాగడా ఉండేది. అవి చూసే ఫ్రెంచివాళ్ళు ఆ ఊరికి లాక్ డు ఫ్లాంబో, అంటే కాగడాల సరస్సు, అని పేరు పెట్టారు.

పడవ ఒడ్డుకి రాగానే లెక్కవాళ్ళు వచ్చారు. ఒక్కో చేపని కొలబద్ద మీద పరిచి పొడవు చూశారు, ఆడో మగో చూశారు, రాసుకున్నారు. ఆ రాత్రి పర్మిట్‌లో ఎన్నుంటే అన్నే. 1984లో తెగలు కలిసి పెట్టుకున్న కమిషన్ ఉంది, దానికి సొంత బయాలజిస్టులు, సొంత వార్డెన్లు. తెగల హేచరీల్లో పెంచిన చేపపిల్లల్ని కూడా సరస్సుల్లో వదులుతారు. ‘వీళ్ళే చేపలన్నీ ఊడ్చేస్తున్నారు’ అని ఒక కొట్టులో విన్నాను. గాలాలు వేసేవాళ్ళు పట్టేది దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ళలో ఎంతమంది చేపల్ని ఇలా ఒక్కొక్కటీ కొలిచి రాస్తున్నారు?

మా ఆఫీసాయన వాళ్ళమ్మ కూడా రేవులోనే ఉన్నారు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని. 1974లో ట్రిబుల్ అనే ఇద్దరు చిప్పెవా అన్నదమ్ములని రిజర్వేషన్ బయట చేప పట్టారని అరెస్టు చేశారు. దాని మీద తెగ వేసిన కేసులోనే 1983లో ఫెడరల్ కోర్టు ఒప్పంద హక్కు ఇంకా బతికే ఉందని తేల్చింది. తర్వాత ఏళ్ళ తరబడి వసంతం వస్తే చాలు, రేవుల్లో జనం మూగి బూతులు తిట్టేవారు, రాళ్ళు విసిరేవారు. ఆవిడ నాకు ఒక పైన్ చెట్టు చూపించారు. ‘మేం అక్కడ నిలబడేవాళ్ళం. పడవ తిరిగొచ్చేదాకా ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు’ అన్నారు.

ఇంతకంటే ఏ పర్మిషన్ కావాలండీ?

చూడాలనుకుంటే మంచు కరిగిన మొదటి రెండు వారాల్లో వెళ్ళండి. మందపాటి కోటు వేసుకోండి. ఫొటో తీసేముందు అడగండి.