పాత కార్డా, కొత్త అచ్చా?

ట్రేడింగ్ కార్డుల మీద విశాఖ పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డులు పోగేస్తున్నాడు. ఈమధ్య ఒకతను పాత కార్డు చూపించి, "ఇది రిజర్వ్‌డ్ లిస్టులోదండీ, ఇక జన్మలో అచ్చెయ్యరు, ధర దిగే ప్రసక్తే లేదు" అన్నాడట. నమ్మొచ్చా? కొనేముందు ఏం చూసుకోవాలి?
– ఒక తండ్రి, సీతమ్మధార

జవాబు: లిస్టు ఉన్నమాట నిజం. ధర దిగదని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదండీ. 1995లో క్రానికల్స్ అనే సెట్‌లో అరేబియన్ నైట్స్, లెజెండ్స్ లాంటి తొలి సెట్ల కార్డులు కొన్నింటిని తెల్ల అంచుతో మళ్ళీ వేశారు. ఎర్నమ్ జిన్, సిటీ ఆఫ్ బ్రాస్ అలా తిరిగొచ్చినవే. డబ్బు పోసి కొని దాచుకున్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. దాంతో 1996లో ఈ కార్డులు వేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ "ఈ కార్డులను ఇక వెయ్యం" అని జాబితా ప్రకటించింది. అందులో 1993 నాటి ఆల్ఫా నుంచి 1999లో వచ్చిన ఉర్జాస్ డెస్టినీ వరకు ఉన్న సెట్లలోని కొన్ని కార్డులే ఉంటాయి. ఆ తర్వాతి సెట్లలో ఒక్క కార్డు కూడా లిస్టులో లేదు. కాబట్టి 2005 నాటి కార్డు చూపించి రిజర్వ్‌డ్ అంటే అక్కడితో బేరం ఆపేయండి.

ఆ నియమం కంపెనీ తనకు తాను పెట్టుకున్నదే. 2002లో కొంత సడలించి, తొలి అచ్చులైన ఆల్ఫా, బీటాల్లోని కామన్, అన్‌కామన్ (అంటే మరీ అరుదు కాని) కార్డులను జాబితాలోంచి తీసేసింది. 2010లో బిగించి, అప్పటిదాకా మినహాయింపుగా ఉన్న ఫాయిల్ (మెరిసే పొర వేసిన) అచ్చులకూ దారి మూసింది. 2022లో 30వ వార్షికోత్సవం పేరిట జాబితాలోని బ్లాక్ లోటస్ వంటి కార్డులను మళ్ళీ వేసింది గానీ, వాటి వెనకవైపు వేరుగా ఉంటుంది, టోర్నమెంట్‌లో చెల్లవు. 15 కార్డుల ప్యాకెట్లు నాలుగు కలిపి 999 డాలర్లు పెట్టింది. చూపించిన కార్డు ఆ ఎడిషన్‌దేమో తిప్పి చూడండి. ఒరిజినల్ ధరకు అది కొంటే నిండా మునిగినట్టే.

ఇక కార్డు వయసు. 2003లో ఎయిత్ ఎడిషన్‌తో ఫ్రేమ్ (బొమ్మ చుట్టూ ఉండే చట్రం) మారింది. 2014లో మ్యాజిక్ 2015 సెట్‌తో మరోసారి మారి, రేర్ కార్డుల కింది అంచున కోడిగుడ్డు ఆకారంలో మెరిసే ముద్ర వచ్చింది. కానీ పాత ఫ్రేమ్ కనిపించగానే పాత కార్డు అనుకోకండి. 2021 నాటి టైమ్ స్పైరల్ రీమాస్టర్డ్‌లో పాత ఫ్రేమ్‌నే కావాలని మళ్ళీ వాడారు. అడుగున సెట్ కోడ్, నంబరు, మెరిసే ముద్ర ఉంటే అది కొత్త అచ్చే. ఇంకో చిక్కుంది. "ది లిస్ట్" పేరుతో (ఇది రిజర్వ్‌డ్ లిస్టు కాదు) వచ్చిన రీప్రింట్లలో బొమ్మ, ఫ్రేమ్, సెట్ గుర్తు అన్నీ పాతవే ఉంటాయి. ఎడమవైపు కింది మూలన ఆవగింజంత తెల్లని ప్లేన్స్‌వాకర్ గుర్తు (మ్యాజిక్ ఆట చిహ్నం) ఒక్కటే తేడా. ఫోటోలో ఆ మూల మీద వేలు పెట్టి తీశారంటే ఇంకో ఫోటో అడగండి.

నకిలీ అని అనుమానం వస్తే 30 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలు. వెనక ఉన్న అయిదు రంగుల చుక్కల్లో పచ్చచుక్కను చూడండి. అసలు కార్డులో దాని లోపల ఎల్ ఆకారంలో నాలుగు చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తాయి. ముందువైపు నల్ల అక్షరాలు గీసినట్టు నిండుగా ఉండాలి. అక్షరమే రంగురంగుల చుక్కలుగా విడిపోయిందంటే అది స్కాన్ చేసి అచ్చేసింది. వంచి చూసే పరీక్ష మాత్రం వద్దు. కార్డు అసలుదైనా మడత పడితే విలువ పోతుంది.

ప్రశ్న: పసుపు అంచు పోకెమాన్ కార్డులు, కొత్త బూడిదరంగు అంచువి ఒకే డెక్‌లో కలిపి ఆడొచ్చా? పాత అల్ట్రా బాల్స్ మా అన్నయ్యవి ఉన్నాయి.
– ఎంవీపీ కాలనీ

జవాబు: కలపొచ్చు. ఇంగ్లిష్ కార్డుల్లో అంచు రంగు మారింది 2023 నాటి స్కార్లెట్ అండ్ వయొలెట్ సెట్‌తో. ఆటలో చెల్లుబాటుకీ దానికీ సంబంధం లేదు. చూడాల్సింది అడుగున ఎడమ మూలన పెట్టెలో ఉండే రెగ్యులేషన్ అక్షరం. అది 2020 నుంచే ఉంది. కొత్త కార్డులతోనే ఆడే స్టాండర్డ్ ఫార్మాట్‌లో కొన్ని అక్షరాలకే అనుమతి, పాతవి వరసగా బయటికి పోతుంటాయి. 2025 ఏప్రిల్‌లో ఎఫ్ పోయింది.

మీ అన్నయ్య కార్డుల మీద అసలు అక్షరమే లేకపోయినా కంగారు వద్దు. అదే పేరు, అదే పని ఉన్న ట్రైనర్ కార్డు (అల్ట్రా బాల్ అలాంటిదే) అనుమతి ఉన్న అక్షరంతో మళ్ళీ అచ్చయి ఉంటే, పాత అచ్చు కూడా చెల్లుతుంది. పోకెమాన్ బొమ్మల కార్డులకు మాత్రం పేరొక్కటే చాలదు. పేరొకటే అయినా హెచ్‌పీ (ప్రాణశక్తి అంకె), దాడులు వేరైతే అది వేరే కార్డే. అయినా డెక్‌లో ఒక కార్డు నాలుగుకు మించకూడదన్న పరిమితి పేరును బట్టే లెక్క. ప్రొఫెసర్స్ రీసెర్చ్ అనే కార్డు మీద ఏ ప్రొఫెసర్ బొమ్మ ఉన్నా మొత్తం నాలుగే.

ప్రశ్న: యూ-గి-ఓలో నా పాత సాంగన్ కార్డు మీద రాసినట్టే ఆడితే ఎదుటివాడు తప్పంటున్నాడు.
– మధురవాడ

జవాబు: అతనిదే రైటు. చేతిలో ఏ అచ్చు ఉన్నా తాజా పాఠమే చెల్లుతుంది. సాంగన్‌తో డెక్ నుంచి తెచ్చుకున్న కార్డు ఎఫెక్టును, అదే పేరున్న వేరే కార్డు ఎఫెక్టును ఆ టర్న్‌లో వాడకూడదని తర్వాత చేర్చారు. అధికారిక కార్డ్ డేటాబేస్‌లో పేరు కొట్టి, ఆటకి ముందే ఇద్దరూ చదువుకోండి.

ప్రశ్న: మా ఇల్లు బీచ్‌కి దగ్గర. కొత్త ఫాయిల్ రీప్రింట్లు వారం తిరక్కుండా దొన్నెల్లా వంగిపోతున్నాయి. సరుకు నాసిరకమా?
– పెదవాల్తేరు

జవాబు: మన గాలిలో తేమ వల్లనండీ. ఫాయిల్ పొర చెమ్మ పీల్చదు, వెనకున్న కాగితం పీల్చి సాగుతుంది. అందుకే అంచులు బొమ్మవైపు లేస్తాయి. సిలికా జెల్ సంచులు గుప్పిస్తే కాగితం మరీ ఎండి, ఈసారి నడుమ ఉబ్బుతుంది. గాలి చొరబడని డబ్బాలో తేమను పీలుస్తూ, వదులుతూ 49 శాతం దగ్గర నిలబెట్టే ప్యాకెట్టు వేసి, తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ పెట్టండి. రెండు మూడు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఇస్త్రీపెట్టె, హెయిర్ డ్రయ్యర్ జోలికి పోవద్దు. పొర లేచిపోతే మళ్ళీ అతుక్కోదు.

టోర్నమెంట్‌కి వెళ్తుంటే ఇది ఇంకా ముఖ్యం. వంగిన నాలుగు ఫాయిళ్ళూ డెక్‌లో ఎక్కడున్నాయో పక్కనుంచే తెలిసిపోతుంది కాబట్టి జడ్జి వాటిని గుర్తుపెట్టిన కార్డుల కింద లెక్కకట్టొచ్చు. వెనకవైపు కనపడని స్లీవులు (కార్డు తొడుగులు) వాడండి. మ్యాజిక్, పోకెమాన్ కార్డులు 63×88 మి.మీ., వాటికి 66×91 స్లీవ్ సరిపోతుంది. యూ-గి-ఓ కార్డు 59×86. దానికి 62×89 తీసుకోండి, పెద్దదాంట్లో వేస్తే కార్డు లోపల జారి మూలలు నలుగుతాయి. స్లీవులో వేసినా వంపు తెలుస్తోందంటే, ఆ కార్డు మామూలు అచ్చును కొని ఆడి, ఫాయిల్‌ను డబ్బాలోనే ఉంచండి.