పై అధికారి గ్రేడింగ్ తగ్గించారు, ఎంఏసీపీ పోతుందా?

ప్రశ్న: విశాఖపట్నంలోని ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేస్తున్నాను. 19 ఏళ్ల సర్వీసు. గత నాలుగేళ్లలో ఏపీఏఆర్‌లో (మా పనితీరుకు పై అధికారి ఏటా 10కి మార్కులు వేసే నివేదిక) ఎప్పుడూ 8కి తగ్గలేదు. నిరుడు వచ్చిన కొత్త అధికారి నాకు 5.4 వేశారు. ఆయన చుట్టూ తిరిగే ఇద్దరికి 9 దాటిందని తెలిసింది. ఖాళీగా ఉన్న రెండు సీట్ల పని నోటిమాటగా నాకే అప్పగించి, ఇప్పుడు ‘ఫైళ్లు ఆలస్యం చేస్తారు’ అని రాశారు. వచ్చే ఏడాది నాకు 20 ఏళ్ల ఎంఏసీపీ (ప్రమోషన్ రాకపోయినా సర్వీసును బట్టి ఇచ్చే పై వేతన స్థాయి) రావాలి. ఏపీఏఆర్ స్పారోలో (ఈ నివేదికల ఆన్‌లైన్ పోర్టల్) నాకు అంది ఆరు రోజులైంది. ఎంపీ గారితో చెప్పించమని కొందరంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ చేతిలో ఇక తొమ్మిది రోజులే ఉన్నాయి. ఏపీఏఆర్ అందిన 15 రోజుల్లోగా రిప్రజెంటేషన్ (రాతపూర్వక అభ్యంతరం) ఇవ్వాలని డీవోపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ) 2009 మే 14 నాటి ఉత్తర్వు చెబుతోంది. గడువు దాటితే ఆ గ్రేడింగే ఖాయమవుతుంది. ‘గుడ్ అనే కదా ఉంది, చెడ్డగా ఏం రాయలేదు కదా’ అని చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. 4 నుంచి 6 లోపు ‘గుడ్’, 6 నుంచి 8 లోపు ‘వెరీ గుడ్’. ఎంఏసీపీకి బెంచ్‌మార్క్ 2016 జులై 25 నుంచి ‘వెరీ గుడ్’ అయింది. అంటే మీ 5.4 పేరుకు మంచి గ్రేడే గానీ మీ ఇంక్రిమెంటుకు అడ్డం పడే గ్రేడు. ఇలాంటి ఎంట్రీని కూడా ఉద్యోగికి తెలియజేసి, అభ్యంతరం చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రిప్రజెంటేషన్‌ను ‘ఆశ్రిత పక్షపాతం’ అనే మాటతో మొదలుపెట్టకండి. మీ కడుపు మంట న్యాయమైనదే. కానీ ఆ మాట పడగానే చదివే అధికారి దృష్టి మీ పని మీద నుంచి మీ కోపం మీదకు మళ్లుతుంది. పైగా దురుద్దేశం రుజువు చేసే భారం చాలా పెద్దదని 1974లో రాయప్ప కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీరు కొట్టాల్సింది అంకెను.

గ్రేడింగ్‌లో పనికి 40 శాతం, వ్యక్తిగత లక్షణాలకు 30, విధి నిర్వహణ సామర్థ్యానికి 30 వెయిటేజీ. 5.4ను 6 చేయడానికి కావలసింది 0.6. ఒక్క పని విభాగంలో సగటు ఒకటిన్నర పాయింట్లు పెరిగితే చాలు, అది వచ్చేస్తుంది. వ్యక్తిగత లక్షణాల మీద వాదన అభిప్రాయాల గొడవ అవుతుంది. పనికి మాత్రం లెక్క ఉంటుంది. మీ బలమంతా అక్కడే పెట్టండి. రాత ఇలా ఉండాలి: ‘పని నాణ్యతకు 5 ఇచ్చారు. సెల్ఫ్ అప్రైజల్‌లో నేను చూపిన లక్ష్యాలు ఇవి, పూర్తి చేసినవి ఇవి. రిపోర్టింగ్ ఆఫీసర్ వీటితో విభేదించలేదు. ఆలస్యమైన ఒక్క ఫైలు నంబరూ చెప్పలేదు. ఏడాదిలో నాకు ఒక్క మెమో రాలేదు.’ దీనికి ఈ-ఆఫీస్‌లో ఫైళ్ల కదలిక వివరాలు, ఆ రెండు సీట్లవారి బదిలీ ఉత్తర్వులు జత చేయండి.

8 నుంచి 5.4కు దించడమే మీకున్న గట్టి పాయింటు. పాత గ్రేడింగ్ కంటే బాగా తగ్గించినప్పుడు కారణం రాయాలని 1996లో యూపీ జల్ నిగమ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగేళ్ల ఏపీఏఆర్‌లూ జత చేసి, ఏ కారణంతో దించారో చూపమని అడగండి. ఆ అధికారి కింద మీరు కనీసం మూడు నెలలు పనిచేశారా అన్నదీ సరిచూసుకోండి. అంతకు తక్కువైతే ఆయనకు ఏపీఏఆర్ రాసే అర్హతే లేదు.

నోటిమాట పనుల సంగతి ఈ రోజే సరిచేయండి. సీసీఎస్ (ప్రవర్తన) నియమావళి, 1964లోని 3వ నియమం ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలి. మౌఖికంగా ఇస్తే వీలైనంత త్వరగా లిఖితంగా ధ్రువీకరించాలి. అలా ధ్రువీకరణ కోరడం మీ బాధ్యత కూడా. ‘మీ మౌఖిక ఆదేశం మేరకు ఫలానా తేదీ నుంచి ఈ రెండు సీట్ల పని చూస్తున్నాను, దయచేసి ధ్రువీకరించగలరు’ అని రెండు వాక్యాల మెయిల్ చాలు. జవాబు రాకపోయినా ఆ మెయిల్ వచ్చే ఏడాదికి సాక్ష్యం.

సహోద్యోగుల ఏపీఏఆర్‌లు ఆర్‌టీఐలో అడగాలనిపిస్తుంది. రావు. ఇతరుల సర్వీసు రికార్డు వ్యక్తిగత సమాచారమని 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ సెక్షన్ పని పంపకం ఉత్తర్వులు, సీట్లు ఖాళీ అయిన తేదీలు, సీట్లవారీగా పెండింగ్ స్టేట్‌మెంట్లు అడగండి. ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఎవరి మీద ఎంత పని పడిందో ఆ కాగితాలే చెబుతాయి. అయితే అవి వచ్చేదాకా రిప్రజెంటేషన్ ఆపకండి. తర్వాత అనుబంధంగా ఇవ్వవచ్చు.

ఎంపీ గారి దగ్గరకు మాత్రం వెళ్లకండి. సర్వీసు విషయంలో బయటి ఒత్తిడి తేవడం అదే ప్రవర్తన నియమావళిలోని 20వ నియమం కింద దుష్ప్రవర్తన. మీ గ్రేడింగ్ గొడవ పక్కకుపోయి మీ మీదే చార్జిమెమో వస్తుంది. అధికారి గురించి వాట్సాప్ గ్రూపుల్లో రాయడమూ, వరుస తప్పించి మంత్రిత్వ శాఖకు నేరుగా పంపడమూ అంతే చేటు.

రిప్రజెంటేషన్ స్పారోలో పెట్టి, రసీదు కాపీ దాచుకోండి. దానిపై 30 రోజుల్లో నిర్ణయం రావాలి. కారణాలు లేకుండా ‘పరిశీలించాం, తిరస్కరించాం’ అని ఒక్క వాక్యంలో వస్తే నిరుత్సాహపడకండి. కొట్టేయించడానికి అంత తేలికైన ఉత్తర్వు ఇంకోటి ఉండదు. అప్పుడు క్యాట్ (కేంద్ర పరిపాలనా ట్రైబ్యునల్) హైదరాబాద్ బెంచ్‌లో ఓఏ (ఒరిజినల్ అప్లికేషన్) వేయాలి, దరఖాస్తు ఫీజు 50 రూపాయలు. ట్రైబ్యునల్ తానే 7 వేసి ఇవ్వదు. గ్రేడింగ్ తప్పని తేలితే రద్దు చేసి, మళ్లీ పరిశీలించమని పంపుతుంది. దురుద్దేశం ఆరోపించాలనుకుంటే ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి, తేదీలతో సంఘటనలు చెప్పాలి. అవి లేకపోతే ఆ ఆరోపణ వదిలేసి, కారణాలు లేవన్న పాయింటు మీదే నడపండి. (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇప్పుడు ట్రైబ్యునల్ లేదు కాబట్టి వారు నేరుగా హైకోర్టులో రిట్ వేసుకోవాలి.)

ఓఏ వేయడానికి గడువు తిరస్కరణ ఉత్తర్వు తేదీ నుంచి ఏడాది. జవాబే రాకపోతే రిప్రజెంటేషన్ ఇచ్చిన ఆర్నెల్ల తర్వాత మొదలయ్యే ఏడాది. అంటే సెప్టెంబరు 12న ఇస్తే మార్చి 12 దాకా ఆగాలి, మరుసటి మార్చి 12 లోపు వేసేయాలి. మధ్యలో ఎన్ని రిమైండర్లు పంపినా ఈ గడువు పెరగదు. ఇది 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పిన మాట.