కోంత్రారియు ముందూ వెనకా ఏముందో చూసుకో

చి. అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

లిస్బన్ వెళ్లేలోపు పోర్చుగీసు మీద పట్టు రావాలని నువ్వు పడే తాపత్రయం చూసి ముచ్చటేసింది. నువ్వడిగిన ‘కోంత్రారియు’కి నిఘంటువులో ‘వ్యతిరేకం’ అని చూసి సరిపెట్టుకోకు. పక్కనున్న చిన్న మాటను బట్టి దాని అర్థం మారిపోతుంది. అందుకే విడిగా కాకుండా జంటగా నేర్చుకో.

‘ఉ కోంత్రారియు ద్ ఫ్రియు’ అంటే చలికి వ్యతిరేకం. ఇది తేలికే. వ్యతిరేక పదాన్ని ‘అంతోనిము’ అని కూడా అంటారు గానీ, అది వ్యాకరణం పాఠాల్లో మాట.

‘అవు కోంత్రారియు’ దగ్గర మాత్రం నిదానించు. దాని వెనక ‘ద్’ చేరితే ‘లా కాకుండా’ అని అర్థం. ‘ద్’ లేకుండా వస్తువుల గురించి అంటే తలకిందులుగా అనో, వెనకది ముందుకు అనో. నీ స్వెట్టర్ చూసి ఎవరైనా ఆ మాటంటే, సాధారణంగా వీపు వైపు ముందుకొచ్చిందని. కుట్లు బయటికి కనిపిస్తుంటే ‘దు అవేసు’ అంటారు. మనం రెండిటికీ ‘తిరగేసి వేసుకున్నావు’ అనేస్తాం కాబట్టి ఇక్కడే తడబడతాం. అన్నట్టు, స్వెట్టర్‌ని పోర్చుగల్‌లో ‘కమిజోలా’ అంటారు. బ్రెజిల్ వాళ్లకు అదే మాట ఆడవాళ్ల నైటీ!

‘పెలు కోంత్రారియు’ నాకు చాలా ఇష్టమైన వాడుక. “మిమ్మల్ని ఇబ్బంది పెట్టానా?” అని ఎవరైనా మొహమాటపడితే ఇది ఒక్కటి చాలు. ‘అబ్బే, అదేం లేదు, నాకు సంతోషమే’ అన్నంత మర్యాద అందులో ఉంది.

ఇక అద్దె ఒప్పందాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ‘కాజు కోంత్రారియు’ కనిపిస్తుంది. అంటే ‘లేనిపక్షంలో’. ఫలానా తేదీలోపు కాగితాలు ఇవ్వాలి, లేనిపక్షంలో... అని రాస్తారు. ఆ తర్వాతి వాక్యం రెండుసార్లు చదవనిదే సంతకం పెట్టకు. ఇవ్వకపోతే ఏం పోతుందో అక్కడే ఉంటుంది.

స్త్రీలింగ పదం పక్కన ఇది ‘కోంత్రారియా’ అవుతుందని గుర్తుంచుకో. పలికేటప్పుడు ‘త్రా’ మీద ఒత్తు పెట్టు. రాసేటప్పుడు కూడా ఆ అచ్చు మీద గీత ఉంటుంది, మరిచిపోకు.

ఒక్కో వాడుకకీ రెండేసి వాక్యాలు సొంతంగా రాసి ఆదివారంలోపు పంపు. దిద్ది పంపిస్తాను.

మీ పెదనాన్న